ప్రణాళికా సమయం కూడా పని సమయమే
(పాఠశాలల్లో పనిచేసే స్పీచ్ థెరపిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయుల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బస్సు డ్రైవరు బండి కదిలించే ముందు బ్రేకులు, టైర్లు సరిచూసుకునే సమయం డ్యూటీలో భాగమేనని రవాణా కార్మికులు వాదిస్తారు. పైకప్పు పరీక్షించకుండా బొగ్గు తీయమంటే గని కార్మికుడు అంగీకరించడు. అటువంటి ముందస్తు పని స్పీచ్ థెరపిస్టులకూ ఉన్నది. ఏ బిడ్డకు ఏ ధ్వని, ఏ మాట, ఏ క్రమంలో నేర్పవలెనో నిర్ణయించుకోవడం, తగిన సామగ్రి సమకూర్చుకోవడం, జరిగినదానిని నమోదు చేయడం – ఇదే ఆ పని. దీనిని పనిగా లెక్కించకపోవడం గురించే ఈనాడు మీతో మాట్లాడదలచాను.

ముందుగా నా పొరపాటు చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక జిల్లాలో కాంట్రాక్టు సిబ్బంది కోర్కెల పత్రం తయారుచేస్తున్నాము. జీతం, ప్రయాణభత్యం, ప్రసూతి సెలవు రాశాము. ఒక సోదరి లేచి, "అన్నా, తయారీకి వారానికి ఒక పూట కావాలని కూడా రాయండి" అన్నది. "అది తరువాత చూద్దాంలే అమ్మా" అన్నాను.

మరునాడు ఆమె వెంట ఒక మండల కేంద్రానికి వెళ్ళాను. ఆమె సంచిలో చిన్న అద్దం, పాత క్యాలెండర్ల నుండి కత్తిరించి అట్టలకు అంటించిన బొమ్మలు ఉన్నాయి. అన్నీ సొంత డబ్బుతో చేసుకున్నవే. ఎనిమిదేళ్ల బాలుడొకడు "కాకి"ని "తాతి" అనేవాడు. తోటి పిల్లలు నవ్వుతున్నారని బడిలో నోరు విప్పడమే మానుకున్నాడు. ఆమె అద్దం ముందు కూర్చోబెట్టి, నాలుక కొన పైకి లేవకుండా చూపుతూ, ఓపికగా "క" పలికించింది. ఆ పూట అతనికి అబ్బినది ఆ ఒక్క ధ్వనే. తరువాత వారం ఏమి చేయవలెనో ఆమె బస్టాండులో మోకాలిపై పుస్తకం పెట్టుకొని రాసుకున్నది. అంతకు ముందు నెలలో, ఈ బొమ్మలు తయారుచేసిన పూట పిల్లలెవరినీ చూడలేదనే కారణంతో ఆమె వేతనంలో కోత విధించారు. తిరుగు బస్సులోనే కోర్కెల పత్రం సవరించాను.

లెక్క చూద్దాం

ఇది ఉదాహరణకు వేసిన లెక్క. ఒక థెరపిస్టుకు అయిదు కేంద్రాలు, కేంద్రానికి 12 మంది చొప్పున 60 మంది పిల్లలు అనుకుందాం. వారానికి ఒక్కొక్కరికి 20 నిమిషాలు కేటాయిస్తే 20 గంటలు. ఒక్కొక్కరి ప్రణాళికకు, నమోదుకు కలిపి 15 నిమిషాలు వేసినా మరో 15 గంటలు. మొత్తం 35 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున అయిదు రోజులకు ఉన్నవి 30 గంటలే. ప్రయాణం, తల్లిదండ్రులతో సంభాషణ, తరగతి ఉపాధ్యాయునికి సూచనలు ఇందులో చేరనే లేదు. మిగిలిన పని రాత్రిళ్ళు ఇంట్లో చేయాలి, లేదా మానివేయాలి. మొదటిది కార్మికునికి నష్టం, రెండవది బిడ్డకు నష్టం.

అమెరికాలో ఈ వృత్తివారి సంఘం 2002లోనే, పిల్లల సంఖ్యను మాత్రమే కాక మొత్తం పనిభారాన్ని లెక్కించవలెనని ప్రకటించింది. ఆ పనిభారంలో ప్రణాళిక కూడా ఉన్నది.

సామగ్రి మన భాషల్లో కావాలి

ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో "క" ధ్వనికి "కైట్" ఉంటుంది. మన బిడ్డకు కావలసినవి కాకి, మేక, పలక. తెలుగులో "గడి"కి, "గడ్డి"కి తేడా ఒక ఒత్తులోనే ఉన్నది. ఇంగ్లీషు పుస్తకంలో దానికి అభ్యాసం దొరకదు. ఇంట్లో కోయ, గోండి, లంబాడీ మాట్లాడే బిడ్డ తెలుగు తరగతిలో తడబడితే అది వాక్ లోపమని తొందరపడి ముద్ర వేయరాదు. ఇంటి భాషలో కూడా పరీక్షించాలి. షోలాపూర్, భివండి, సూరత్‌లలో మగ్గాలపై పనిచేసే మన తెలుగు కుటుంబాల పిల్లల విషయమూ ఇంతే. ఇన్ని భాషలకు సామగ్రి తయారుచేయడం ఒక్కొక్క థెరపిస్టు సంచికి మించిన పని.

సంస్థలు లేకపోలేదు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1960వ దశకంలోనే వెలసింది. 1983లో బొంబాయిలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఏర్పడింది. ఇటువంటి సంస్థల సహాయంతో ప్రభుత్వమే సామగ్రి ముద్రించి పంచాలి.

చట్టం ఏమంటున్నది?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాక్కు, భాషా లోపాన్ని వైకల్యాలలో చేర్చింది. సమ్మిళిత విద్యకు తోడ్పడే నిపుణులకు శిక్షణ ఇవ్వాలని, తగినన్ని వనరుల కేంద్రాలు నెలకొల్పాలని 17వ సెక్షన్ చెబుతున్నది. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక ఉపాధ్యాయుల విషయంలో ప్రాథమిక దశలో 10 మందికి ఒకరు, ప్రాథమికోన్నత దశలో 15 మందికి ఒకరు ఉండాలన్న ప్రమాణాన్ని ప్రకటించింది. పోస్టులు మంజూరుచేసి ప్రకటించవలసిందిగా 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అయితే ఆ ప్రమాణం ప్రత్యేక ఉపాధ్యాయులకు సంబంధించినది. థెరపిస్టుల పనిభారానికి ప్రమాణం సాధించే బాధ్యత మనపై ఉన్నది.

మన కోర్కెలు

ఒకటి: వారానికి ఒక పూర్తి దినం ప్రణాళికకు, నమోదుకు కేటాయించి, దానికి పూర్తి వేతనం చెల్లించాలి.
రెండు: పిల్లల సంఖ్యతోపాటు ప్రయాణం, ప్రణాళిక, తల్లిదండ్రుల సలహా కూడా పనిభారంలో చేర్చి పరిమితి నిర్ణయించాలి.
మూడు: సామగ్రికి ఏటా నిధి ఇవ్వాలి. పిల్లల ఇంటి భాషల్లో సామగ్రి ముద్రించాలి.
నాలుగు: మంజూరైన శాశ్వత పోస్టులు కావాలి. ఏటేటా మనిషి మారితే బిడ్డ మళ్ళీ మొదటి అక్షరం నుండి మొదలుపెట్టవలసి వస్తుంది.

మిత్రులారా, ఆవేశంతో పాటు ఆధారాలు కూడా ఉండాలి. రెండు వారాలపాటు ప్రతి సభ్యురాలు, సభ్యుడు తమ పనిని గంటగంటకూ డైరీలో రాయాలి. బస్టాండులో రాసుకున్నదీ, రాత్రి వంట ముగిశాక అట్టలు కత్తిరించినదీ రాయాలి. జిల్లా కమిటీలు వాటిని క్రోడీకరించి అధికారుల ముందు పెట్టాలి. "అది తరువాత చూద్దాం" అని ఆనాడు నేను అన్నాను. ఆ మాట ఇకపై మనలో ఎవరూ అనరాదు, అధికారులను అననీయరాదు.

సెలవు.