పిల్లలు లేకపోతే పరీక్ష ఆమెకేనా?



పెళ్లయి నాలుగేళ్లయినా కోడలు నీళ్లోసుకోకపోతే మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పాలా? భద్రాచలం రామయ్యకు మొక్కు. నవమికి తెచ్చుకున్న కల్యాణ తలంబ్రాలు. చర్ల, దుమ్ముగూడెం అడవి వైపు నుంచి ఎవరో తెచ్చిచ్చిన వేరు. ఆ చేదు కషాయం తాగేది కోడలే. ఖమ్మంలో డాక్టరమ్మ దగ్గర స్కానింగులూ ఆమెకే. "మావాడికేం, రాయిలా ఉన్నాడు" అంటారు అత్తగారు. మొక్కులు వద్దని నేననను, నేనూ మొక్కుకునేదాన్నే. కాని మగవాడికి చేసే వీర్యపరీక్షకు ఖర్చు తక్కువ, సూదిపోటైనా ఉండదు. రేడియోలో ఈ మాట అనడానికి మొహమాటంగానే ఉంది. అనకపోతే ఎలా?

వీర్యకణాలు తగ్గడానికి కారణాలు చాలా. అరుదైనదే అయినా ఒకటి మనం తెలుసుకోవాలి. మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. బాలింతకు పాలు పడేలా చేసే ప్రోలాక్టిన్ అక్కడే తయారవుతుంది. ఆ గ్రంథిలో కంతి లేచి మగవాడిలో ప్రోలాక్టిన్ పెరిగిందా, పురుష హార్మోను పడిపోతుంది. భార్య మీద ఆసక్తి తగ్గుతుంది, వీర్యకణాలు తగ్గుతాయి. కంతి పెద్దదైతే తలనొప్పి, పక్కచూపు మందగించడం. మగవాళ్లు ఇవి పైకి చెప్పరు కదా! మరికొందరు బలానికని పురుష హార్మోను ఇంజెక్షన్లు చేయించుకుంటారు. వాటితో ఉన్న వీర్యకణాలూ పోతాయి.

కొన్ని కుటుంబాల్లో ఈ కంతి వంశంలో వస్తుంది. అలాంటి కుటుంబం గురించి 1954లో అమెరికాలో పాల్ వెర్మర్ అనే డాక్టరు రాశారు. కారణమైన జన్యువును 1997లో కనిపెట్టారు. జబ్బు పేరు మెన్ 1. తల్లికున్నా తండ్రికున్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడా మగా తేడా లేదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు చెడి రక్తంలో కాల్షియం పెరుగుతుంది, మూత్రపిండాల్లో రాళ్లు పడతాయి. క్లోమం దగ్గర కంతులతో మానని కడుపుపుండు వస్తుంది.

ఇప్పుడు చెప్పండి, మామగారికి ఎన్నిసార్లు రాళ్లు తీశారో, మేనత్తకు మెడలో ఆపరేషన్ ఎప్పుడయిందో ఇంట్లో ఎవరికి గుర్తు? మనకే. డాక్టరు ముందు కూర్చున్న అబ్బాయికి అవేవీ తోచవు. రాళ్లున్న ప్రతివారికీ ఇదేనని భయపడకండి. ఒకే ఇంట్లో ఇవన్నీ కలిసొస్తే మాత్రం చెప్పి తీరాలి.

ఈలోగా రెండో సంబంధం మాట లేస్తుంది. పీయూష గ్రంథిలో కంతి రెండో పెళ్లికి కరుగుతుందా? చాలామందికి వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే కాబర్గోలిన్ మాత్రలతోనే అది తగ్గుతుంది. వీర్యం కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఓపిక కావాలి. పిల్లల సంగతి అటుంచి, కంతిని అలా వదిలేస్తే అబ్బాయి చూపుకే మోసం.

ముందు వీర్యపరీక్ష, అందులో లోపం ఉంటే ప్రోలాక్టిన్ రక్తపరీక్ష. అదీ ఎక్కువగా ఉంటే హైదరాబాదులో నిమ్స్‌లోనూ, ఉస్మానియాలోనూ హార్మోన్ల డాక్టర్లున్నారు. వెళ్లేటప్పుడు అత్తవారి వంశంలో ఎవరికి ఏ జబ్బో కాగితం మీద రాసుకోండి, అత్తగారి పుట్టింటివారివీ కలిపి. మామగారి పాత ఆస్పత్రి చీటీలు ట్రంకుపెట్టెలో ఉంటే అవీ సంచిలో పెట్టుకోండి.