తక్కెడ ఎవరి చేతిలో ఉంది?
(యువజన అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతులు మొదలైన దగ్గర్నుంచీ హాస్టల్ కుర్రాళ్ళు ఒకటే ప్రశ్న పట్టుకున్నారు. "మాస్టారూ, అందరికన్నా పెద్ద బాక్సరు ఎవులు?" అని. కొందరు మహమ్మద్ అలీ అంటున్నారు. కొందరు మైక్ టైసన్ అంటున్నారు. వెనక బెంచీలో ఆడపిల్లలు నిఖత్ జరీన్ పేరు చెప్పి కేకలేస్తున్నారు. మంచిదే. ఇదేదో భోజనాల వేళ కాలక్షేపం ప్రశ్న అని మేము అనుకోవడం లేదు. గొప్పవాళ్ళని వరసపెట్టడం అంటే మెరిట్ లిస్టు తయారు చెయ్యడమే. మెరిట్ లిస్టు అనే మాట మన బతుకుల్లో ఎన్నిసార్లు అడ్డు నిలబడిందో మీకు మేము చెప్పాలా? అందుకని ఈ పూట ఈ ప్రశ్ననే పాఠంగా తీసుకుందాం.

ముందు ఆట సంగతి. ఇప్పుడు మనం చూస్తున్న బాక్సింగ్‌కి పునాది 1867లో ఇంగ్లండులో అచ్చయిన క్వీన్స్‌బెరీ నియమాలు. చేతులకి గ్లోవ్స్ ఉండాలి. రౌండుకి మూడు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి. కింద పడ్డవాడు పది లెక్కపెట్టేలోగా లేవాలి. పడ్డవాణ్ణి కొట్టకూడదు. ఆ తర్వాత బరువుల తరగతులు స్థిరపడ్డాయి. యాభై కిలోల మనిషి ఎనభై కిలోల మనిషితో తలపడక్కర్లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. యాభై కిలోల తరగతిలో గెలిచిన అమ్మాయిని చూసి "నీకు మెరిట్ లేదు, నీది వేరే కేటగిరీ" అని ఎవరైనా అన్నారా? అనలేదు. పోటీ న్యాయంగా ఉండాలంటే ముందు తూకం వెయ్యాలని ఆటల పెద్దలందరూ ఒప్పుకున్నారు. అదే పెద్దలు కాలేజీ సీటు దగ్గరికీ ఉద్యోగం దగ్గరికీ వచ్చేసరికి తూకం మాటెత్తితే మండిపడతారు. అలాగని ఈ పోలికని మరీ సాగదీయకూడదు. ఒంటి బరువు మనిషి ఒంట్లో ఉంటుంది. కులం మన ఒంట్లో లేదు. అది నెత్తిన ఇంకొకడు పెట్టిన మూట. మూట మోస్తూ పరిగెత్తినవాడి పరుగుని, ఖాళీ చేతుల్తో పరిగెత్తినవాడి పరుగుని ఒకే గడియారంతో కొలవొద్దనే మనం అడుగుతున్నాం.

తలుపు వేసి ఆడిన ఆట

గ్లోవ్స్ వచ్చాయి, గంట వచ్చింది, రిఫరీ వచ్చాడు. మరి అందరికీ తలుపు తెరిచారా? లేదు. 1880ల్లో అమెరికాలో హెవీవెయిట్ ఛాంపియన్ జాన్ ఎల్. సలివాన్. నల్లవాళ్ళతో బరిలోకి దిగనని బాహాటంగా చెప్పాడు. దాన్నే వాళ్ళు ‘రంగు గీత’ అన్నారు. మన ఊళ్ళో గీత బావి దగ్గర గీస్తారు, గుడి దగ్గర గీస్తారు. అక్కడ రింగు తాడు దగ్గర గీశారు. గీత గీసుకుని, అవతలి వాళ్ళని రానివ్వకుండా, లోపల గెలిచినవాడికి ‘ప్రపంచ విజేత’ అని బిరుదు తగిలించుకున్నారు. సగం ప్రపంచాన్ని బయట నిలబెట్టి ప్రపంచ విజేత ఏటి?

ఆ గీతని 1908 డిసెంబరు 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జాక్ జాన్సన్ దాటాడు. ఛాంపియన్ టామీ బర్న్స్‌ని వెంటాడి వెంటాడి, సిడ్నీలో దొరకబుచ్చుకుని ఓడించాడు. తెల్లజాతి పరువు కాపాడమని, పోటీల నుంచి తప్పుకున్న జిమ్ జెఫ్రీస్‌ని బతిమాలి తీసుకొచ్చారు. 1910 జులై 4న రీనో పట్నంలో జాన్సన్ అతన్నీ చిత్తు చేశాడు. ఆ రాత్రి అమెరికాలో ఎన్నో ఊళ్ళలో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. రింగులో ఒకడు గెలిస్తే వాడలో దెబ్బలు తిన్నారు. ఈ లెక్క మనకి కొత్త కాదు. 1913లో జాన్సన్ మీద కేసు పెట్టి శిక్ష వేశారు. తెల్ల ఆడవాళ్ళతో అతని సంబంధాలే అసలు నేరం. ఆ శిక్షకి క్షమాభిక్ష 2018లో వచ్చింది. మనిషి పోయి దాదాపు 72 ఏళ్ళు అయ్యాక!

1915లో జాన్సన్ ఓడిపోయాడు. ఆ తర్వాత 22 ఏళ్ళ పాటు హెవీవెయిట్ టైటిల్ కోసం ఒక్క నల్ల బాక్సరుని కూడా బరిలోకి పిలవలేదు. హ్యారీ విల్స్ అనేవాడు జాక్ డెంప్సీతో పోరు కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూశాడు. ఆ పోరు జరగనే లేదు. డెంప్సీ పేరు ఇవాళ్టికీ గొప్పవాళ్ళ జాబితాల్లో ఉంది. విల్స్ ఎవరో మీలో ఎంతమందికి తెలుసు?

ఇంకో చేదు మాట కూడా చెప్పుకోవాలి, మనవాళ్ళ గురించి మంచే చెప్పుకుంటే అది చదువు కాదు. శామ్ లాంగ్‌ఫర్డ్ అని ఒక మహా బాక్సరు ఉండేవాడు. జాన్సన్ 1906లో అతన్ని ఓడించాడు. తాను ఛాంపియన్ అయ్యాక మాత్రం లాంగ్‌ఫర్డ్‌కి ఒక్క అవకాశం ఇవ్వలేదు. నల్లవాడు నల్లవాడికే తలుపు మూశాడు. అటకెక్కినవాడు నిచ్చెన పైకి లాగేసుకున్నాడు. మన పేటల్లో ఒక ఉద్యోగం వచ్చాక, పట్నంలో ఒక ఇల్లు కట్టాక, వెనక్కి చూడని వాళ్ళు లేరా? వాళ్ళకి ఈ కథ చెప్పండి.

మా వరస

ఇంక మీరు అడిగిన జాబితా. మేము మూడు కొలతలు పెట్టుకున్నాం. ఎవరిని ఓడించాడు? ఎన్నేళ్ళు, ఎన్ని బరువుల్లో నిలిచాడు? ఓడిపోయాక లేచాడా?

ఒకటో స్థానం షుగర్ రే రాబిన్సన్‌ది. జార్జియా రాష్ట్రంలో 1921లో పుట్టాడు. 1940 నుంచి 1965 దాకా పాతికేళ్ళలో సుమారు 200 పోరాటాలు. 1943లో జేక్ లామోటా చేతిలో ఓడాక 1951 దాకా మళ్ళీ ఓటమి లేదు. అదే లామోటాతో ఆరుసార్లు తలపడి అయిదుసార్లు గెలిచాడు. వెల్టర్‌వెయిట్ టైటిల్ గెలిచి, మిడిల్‌వెయిట్‌కి వెళ్ళి, అక్కడ అయిదుసార్లు ఛాంపియన్ అయ్యాడు. 1951 జులైలో లండన్‌లో రాండీ టర్పిన్ చేతిలో ఓడి, సుమారు రెండు నెలలకి న్యూయార్క్‌లో టైటిల్ వెనక్కి తెచ్చుకున్నాడు. మూడు కొలతలకీ నిలిచాడు. 2002లో ‘ది రింగ్’ పత్రిక ఎనభై ఏళ్ళ కాలానికి ఎనభై మందిని వరస పెట్టినప్పుడు కూడా ఇతన్నే మొదట పెట్టింది.

రెండో స్థానం మహమ్మద్ అలీది. గొణగకండి! అలీ అంటే మాకూ ప్రాణమే. 22 ఏళ్ళకే, 1964లో సోనీ లిస్టన్ని ఓడించాడు. 1967లో వియత్నాం యుద్ధానికి పోనన్నాడు. టైటిల్ లాక్కున్నారు, అయిదేళ్ళ జైలు శిక్ష వేశారు. అప్పీలు మీద జైలుకి వెళ్ళలేదు గానీ, మూడున్నరేళ్ళు రింగు ఎక్కనివ్వలేదు. ఒంట్లో సత్తువ పొంగే వయసు అది. 1971లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో, 32 ఏళ్ళ వయసులో, ఫోర్‌మన్ని ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. మొత్తం 56 గెలుపులు, 5 ఓటములు.

మరి రెండు ఎందుకు? పోయిన ఆ మూడేళ్ళు ఉండి ఉంటే ఒకటో స్థానం వచ్చేదేమో! ఆ లెక్క దొంగిలించినవాళ్ళు చెప్పాలి. మేము జరిగిన పోరాటాలనే తూచాం. మనం ప్రేమించేవాడి వైపు తక్కెడలో వేలు పెడితే, రేపు సంతలో షావుకారు వేలు పెట్టాడని ఏ నోటితో అడుగుతాం? ఇంకో సంగతి. 1975లో మనీలా పోరాటానికి ముందు అలీ, జో ఫ్రేజర్‌ని ‘గొరిల్లా’ అన్నాడు. ఫ్రేజర్ దక్షిణ కరొలినాలో పాలికి చేసుకు బతికిన కుటుంబంలో పుట్టినవాడు. తెల్లవాడు వాడే తిట్టుని సాటి నల్లవాడి మీద విసరడం ఎంత పెద్దవాడు చేసినా తప్పే. దానికి మేము మార్కులు తగ్గించలేదు గానీ, మీరు తెలుసుకోవాలి.

మూడు, హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్. మొత్తం ఎనిమిదే బరువు తరగతులున్న రోజుల్లో, 1938లో మూడు టైటిళ్ళు ఒకేసారి తన దగ్గర పెట్టుకున్నాడు.

నాలుగు, జో లూయిస్. 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1938లో హిట్లర్ మనుషులు నెత్తిన పెట్టుకున్న మాక్స్ ష్మెలింగ్‌ని మొదటి రౌండులోనే కూల్చాడు. కానీ ఆ లూయిస్‌కి అతని మేనేజర్లు పెట్టిన నియమాలు వినండి. ఓడినవాడి మీద నిలబడి నవ్వకూడదు. తెల్ల ఆడదాని పక్కన ఫొటో దిగకూడదు. జాన్సన్‌ని చూసి భయపడ్డ లోకం ముందు వాళ్ళు పెట్టుకున్న జాగ్రత్త అది. గెలవొచ్చు, గెలిచినట్టు కనపడకూడదు! మన తాతలు చెప్పులు చేత్తో పట్టుకుని పెద్దిళ్ళ ముందు నడిచిన నియమానికీ దీనికీ తేడా ఏటి?

అయిదు, జాక్ జాన్సన్. ఆరో కుర్చీ ఖాళీగా ఉంచాం. అది లాంగ్‌ఫర్డ్‌ది, విల్స్‌ది, బరిలోకి రానివ్వని వాళ్ళందరిదీ. ఏ మెరిట్ లిస్టులోనైనా అలాంటి ఖాళీ కుర్చీ ఒకటి వెయ్యనిదే అది నిజం లిస్టు కాదని మా అభిప్రాయం.

మన గడప దగ్గర

మన జిల్లాల్లో బలం అనగానే వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి పేరు చెప్తారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆయన మల్లయోధుడు. ఆ తర్వాత ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి లేచింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ పోటీల్లో పతకం తెచ్చింది. చిన్న పల్లెలే. ఇనుప కడ్డీ ఉంది, నేర్పేవాడున్నాడు, తలుపు తీసి ఉంది. పిల్లలు లేచారు.

బాక్సింగ్‌లో మన విశాఖ అమ్మాయి నాగిశెట్టి ఉష 2008 ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. నిజామాబాద్ నుంచి విశాఖ వచ్చి శిక్షణ తీసుకున్న నిఖత్ జరీన్ తెలుగు బాక్సర్లందరిలో ఒకటో స్థానంలో ఉంటుందని మా మాట. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలో, రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. నిక్కరు వేసుకుని ఆడే ఆట ముస్లిం అమ్మాయికి ఎందుకన్న నోళ్ళని దాటి వచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడింది. ఓడింది గనక వరసలోంచి తీసెయ్యం.

అయితే నిఖత్ కథలో మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది పతకం కాదు. 2019లో మేరీ కోమ్‌కి పోటీ లేకుండానే చోటు ఖాయం చేసే మాట వచ్చింది. మేరీ కోమ్ సామాన్యురాలు కాదు. మణిపూర్‌లో కోమ్ అనే చిన్న గిరిజన తెగలో, పేద ఇంట్లో పుట్టి ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది. అంత పెద్దావిడ ఎదురుగా ఉన్నా, నిఖత్ క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది. నాకు సీటివ్వండి అనలేదు. న్యాయంగా ట్రయల్ పెట్టండి అంది. డిసెంబరులో ట్రయల్ పెట్టారు. నిఖత్ 9-1తో ఓడిపోయింది. చూశారా, ఓడింది అని నవ్వినవాళ్ళున్నారు. కానీ ఆమె అడిగింది సరైనదే. బరిలోకి దిగి ఓడిపోవడానికి కూడా హక్కు కావాలి. ఆ హక్కు నిలబెట్టుకుంది గనకనే మూడేళ్ళలో ప్రపంచాన్ని గెలిచింది.

మా ఎరికలో ఒక సెలక్షన్ జరిగింది. ఆ కుర్రాడిది ఏ ఊరని అడిగి, ఆ ఊళ్ళో ఏ వీధని మళ్ళీ అడిగారు. బరువు చూడకముందే వీధి చూశారు. ఇలాంటివి మీలో చాలామందికి జరిగే ఉంటాయి. అప్పుడు తలొంచుకుని బస్సెక్కి వచ్చెయ్యకండి. బరువు ఎంత, పాయింట్లు ఎన్ని, ఎవరు జడ్జీలు, కాయితం మీద రాసి బోర్డు మీద పెట్టమని అడగండి. దరఖాస్తు నకలు మీ దగ్గర ఉంచుకోండి. నలుగురు కలిసి వెళ్ళండి.

ఆఖరుగా, మేష్టర్లం గనక ఒక మాట. "మీ వాళ్ళకి ఒంట్లో బలం ఉంది, ఆటల్లో పెట్టండి" అని మా తల్లిదండ్రులకి సలహా చెప్పేవాళ్ళు తయారయ్యారు. ఆ మాట వెనక ‘బుర్ర మాది’ అన్న మాట దాగుంది, జాగ్రత్త! బాక్సింగ్ ప్రాణం తీసే ఆట కూడా. 1947లో క్లీవ్‌లండ్‌లో రాబిన్సన్ దెబ్బకి పడిపోయిన జిమ్మీ డాయిల్ మర్నాడు చనిపోయాడు. అలీకి 1984లో పార్కిన్సన్స్ జబ్బని తేలింది, 2016లో పోయేదాకా పీడించింది. పాతికసార్లు టైటిల్ కాపాడుకున్న జో లూయిస్ పన్నుల అప్పుల్లో కూరుకుపోయాడు. లెక్కలు వేరేవాళ్ళ చేతుల్లో ఉన్నాయి.

అందుకని, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, గ్లోవ్స్ తొడుక్కోండి, మేము వద్దనం. హాస్టల్లో రోజూ గుడ్డూ పాలూ కడుపునిండా అన్నం అడిగి తీసుకోండి, అది లేకుండా ఏ ఆటా లేదు. తలకి దెబ్బ తగిలితే దాచకండి. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ వదలకండి. రింగులో గుద్దే చెయ్యే జడ్జీ కుర్చీలో కూర్చుని మార్కులు వెయ్యాలి, సెలక్షన్ కమిటీలో సంతకం పెట్టాలి, ఆట చరిత్ర రాయాలి. మా జాబితాతో మీకు పేచీ ఉంటే మంచిదే. మీ కొలతలు పెట్టుకుని మీ జాబితా రాసి తీసుకురండి, ఇదే పత్రికలో వేద్దాం. ఆరో కుర్చీ మాత్రం మర్చిపోకండి.

జై భీమ్!