తీర్మానాల పుస్తకం ఎవరింట్లో ఉంది?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నాయకత్వం గురించి మాట్లాడమన్నారు. నాయకురాలికి ఉండవలసిన లక్షణాలంటూ బోర్డు మీద రాసే జాబితాలు మీరు చాలా చూసే ఉంటారు. నేను ఒక వస్తువు గురించి మాట్లాడతాను. అది సంఘం తీర్మానాల పుస్తకం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాకు ఎదురు నిలిచినప్పుడు వాళ్ళకు ఖాతాలు లేవు, రిజిస్టర్లు లేవు. అక్షరాస్యతా కేంద్రాల్లో కూచుని మాట్లాడుకున్నదే వాళ్ళ తీర్మానం. తర్వాత అదే జిల్లాలో రోజుకు రూపాయి దాచుకుంటూ పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి. డబ్బు వచ్చాక లెక్క రాయక తప్పదు, రాయాలి కూడా. అయితే రిజిస్టరు వచ్చిన రోజునుంచే సంఘంలో రెండు వర్గాలు ఏర్పడతాయి. పుస్తకం చదవగలిగినవాళ్ళు ఒకవైపు, చూపించిన చోట సంతకమో వేలిముద్రో పెట్టేవాళ్ళు ఇంకోవైపు.

ఒక ఊళ్ళో సంఘం. పన్నెండు మంది. బ్యాంకు మూడు లక్షలు అప్పిచ్చింది. తలా పాతికవేలు సమానంగా పంచుకున్నామని తీర్మానంలో ఉంది, కింద పన్నెండు సంతకాలున్నాయి. నిజంగా జరిగిందేమిటంటే లీడరు, ఆమె తోడికోడలు డెబ్భై ఐదువేల చొప్పున తీసుకున్నారు. మిగిలిన పదిమందికి పదిహేనువేల చొప్పున వచ్చింది. ఆ ఇద్దరి వాయిదాలు ఆగిపోయాయి. ఒక అక్క కూతురి కాలేజీ ఫీజుకు తన పొదుపు తీసుకుందామని వెళితే, మీ సంఘం బాకీ తీరేదాకా కుదరదన్నారు. ఆమె ఒక్క వాయిదా కూడా తప్పలేదు. “సంతకం పెట్టాను గదమ్మా, ఇంకేమనను?” అన్నది నాతో.

లీడరును తిట్టి ఊరుకోవడం తేలిక. ఆమె వైపు నుంచి కూడా చూడండి. బ్యాంకుకు వెళ్ళిన రోజు ఆమె కూలి పోతుంది. ఏ అధికారి వచ్చినా కబురు ఆమెకే. పన్నెండు మందితో మాట్లాడే ఓపిక ఆఫీసులకు లేదు, వాళ్ళకు ఒక పేరు, ఒక ఫోన్ నంబరు చాలు. ఇంత చాకిరీ చేసే మనిషికి కాస్త ఎక్కువ అప్పు తీసుకుంటే తప్పేమిటని అనిపించడంలో ఆశ్చర్యం లేదు. లీడర్లను మార్చండని ప్రతి శిక్షణలోనూ చెబుతాం. పేరు మారుతుంది, పుస్తకం ఉండే ఇల్లు మారదు.

ఇప్పుడింకో మాట వింటున్నాం. వాట్సాప్‌లో పెట్టాం కాబట్టి అందరికీ తెలిసినట్టేనట. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది? చాలా ఇళ్ళలో కొడుకు చేతిలో.

ఆ ఊళ్ళో మేం పెద్ద సంస్కరణలేమీ చేయలేదు. తీర్మానం సమావేశంలోనే, అందరి ముందే రాయాలన్నాం. సంతకాలకు ముందు గట్టిగా చదవాలన్నాం. అప్పు తీసుకున్న మనిషే ఎంత తీసుకున్నదీ నోటితో చెప్పాలి. రాత అయిపోయిన చోట గీత కొట్టాలి, తర్వాత ఇరికించడానికి ఖాళీ ఉండకూడదు. పాస్‌పుస్తకం ప్రతి సమావేశానికీ రావాలి. లీడరుతోపాటు వంతులవారీగా ఒక మామూలు సభ్యురాలు బ్యాంకుకు వెళ్ళాలి, ఇద్దరి కూలీ సంఘం నుంచే ఇవ్వాలి. ఈ చివరిదాని మీదే ఎక్కువ వాదన జరిగింది. నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఉచితంగా చేయించుకునే పనికి లెక్క అడగడానికి మన ఆడవాళ్ళకు నోరు రాదు.

మొదటి నెల గంటలో అయ్యే సమావేశం మూడు గంటలు పట్టింది. కేకలు, ఏడుపులు. అరవై దాటిన ఒక పెద్దమ్మ, “వడ్డీ రూపాయా, రూపాయిన్నరా?” అని అడిగింది. సంఘంలో చేరిన ఇన్నేళ్ళకు అది ఆమె అడిగిన మొదటి ప్రశ్నట. ఆ ఇద్దరూ ఇప్పుడు నెలనెలా కడుతున్నారు. అక్క పొదుపు మాత్రం ఇంకా చేతికి రాలేదు.

సమాఖ్యల విషయం కూడా చెప్పాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సమాఖ్య ఆడిట్ నివేదికను సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి. మన దగ్గర అది చప్పట్ల మధ్య రెండు నిమిషాల్లో ఆమోదం పొందుతుంది. ఎవరెవరికి ఎంత ఇచ్చారు, ఎంత వసూలు కావాలి, ఈ రెండైనా మామూలు మాటల్లో చదివి వినిపించమని అడగండి.

భోజనాల వేళయింది. తిన్నాక మీరు తెచ్చిన పుస్తకాలు తీయండి. ఒక్కొక్క సంఘం చివరి తీర్మానం చదువుదాం.