కణత నొప్పి: గోలీతో పోయేది, పోనిది

నేను డాక్టరును కాను, బడి పంతులును. మా ఇంట్లో జరిగింది నలుగురికీ తెలిస్తే మంచిదని సొసైటీ పెద్దలు అడిగితే ఒప్పుకున్నాను.

మా ఫుప్పమ్మకు అరవై ఎనిమిదో ఏట కుడి కణత నొప్పి మొదలైంది. అంతకు ముందు తలనొప్పి అని ఆమె ఎన్నడూ పడుకున్నది లేదు. బామ్ రాశాం, గోలీ వేశాం. దువ్వెన తగిలితే మంట అంటే జడ బిగించి వేశారనుకున్నాం. రొట్టె నములుతుంటే దవడ పీకుతున్నది, ఆపితే తగ్గుతున్నది అన్నది. పన్ను నొప్పేమోనని ఒక పన్ను పీకించాం కూడా! మూడో వారంలో ఒకరోజు కుడి కంటికి తెర పడినట్టయి, కాసేపటికి తొలగింది. రెండు రోజుల తర్వాత ఫజర్ నమాజుకు లేచేసరికి ఆ కంటికి చూపు లేదు. హైదరాబాద్ తీసుకుపోతే రెండో కన్ను దక్కింది. పోయిన చూపు తిరిగి రాలేదు.

ఆ జబ్బు పేరు జెయింట్ సెల్ ఆర్టరైటిస్. చెవి ముందు, కణత మీద వేలు పెడితే కొట్టుకునే రక్తనాళం వాస్తుంది. కంటికి రక్తం తీసుకుపోయే సన్నని నాళాలూ అలాగే వాచి మూసుకుపోవచ్చు. యాభై దాటినవారికే వస్తుంది, ఆడవారికి ఎక్కువ. మన దేశంలో అరుదు. అరుదు కాబట్టే ఎవరికీ తట్టదు.

వెయ్యేళ్ల కిందట బాగ్దాదులో అలీ ఇబ్న్ ఈసా అనే కంటి వైద్యుడు ఉండేవారు. ఆయన తన గ్రంథంలో కణత నాళాలకు చేసే చికిత్స గురించి రాస్తూ, కణతల్లో వాపు, చూపు పోవడం రెండింటినీ కలిపి చెప్పారు. ఈ జబ్బుకు దొరికే తొలి ప్రస్తావన అదేనని చాలామంది వైద్యులు అంటారు. మాకు మాత్రం కన్ను పోయాక తెలిసింది.

మొదట చేసే పరీక్షల్లో ఒకటి ఈఎస్ఆర్. గొట్టంలో రక్తం నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో చూస్తారు. బురద నీళ్లు కడవలో తేరుకున్నట్టే. చిన్న ల్యాబులోనూ చేస్తారు, ఖర్చు తక్కువ. అనుమానం గట్టిగా ఉంటే మిగతా పరీక్షల ఫలితాలు రాకముందే స్టెరాయిడ్ మొదలుపెడతారు. స్టెరాయిడ్ అంటే మనవాళ్లకు భయం. షుగర్ పెరగవచ్చు, నిజమే, దానికీ డాక్టరు మందు ఇస్తారు. సొంతంగా మానేయడమే ప్రమాదం.

ఇదంతా విని ప్రతి కణత నొప్పికీ హడలిపోకండి. ఎక్కువ భాగం ఒత్తిడి వల్లో, మైగ్రేన్ వల్లో, నిద్ర చాలకో వచ్చేవే. రంజాన్ మొదటి రోజుల్లో టీ మానేసినందుకు తల పట్టేయడం నాకూ అనుభవమే. నాలుగు రోజుల ముందు నుంచే టీ తగ్గించుకుంటే అంత బాధ ఉండదు. బోర్డు చూస్తూ కళ్లు చికిలించే పిల్లలకు ముందు చూపు పరీక్ష చేయించాలి. కానీ నెలలో పది, పదిహేను రోజులు నొప్పి గోలీలు మింగేవారికి ఆ గోలీలే తలనొప్పి తెస్తాయి.

హఠాత్తుగా, ఎన్నడూ ఎరగనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతున్నా, కన్ను ఎర్రబడి వాంతులైనా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

దాతలకు నా మనవి ఒక్కటే. మన శిబిరంలో బీపీ, షుగర్ చూస్తున్నాం. యాభై దాటినవారిని ఇంకో నాలుగు మాటలు అడిగిద్దాం: తలనొప్పి కొత్తగా వచ్చిందా, దువ్వెన తగిలితే నొస్తున్నదా, నమిలితే దవడ పీకుతున్నదా, కంటికి తెర పడిందా? అవునన్నవారిని అదే రోజు కోదాడకో, సూర్యాపేట పెద్దాసుపత్రికో పంపాలి. రక్తపరీక్షకు, ఆటోకు, తోడు పోయే మనిషి కూలికి ఈ ఏటి చందాల నుంచి కొంత పక్కన పెట్టండి. మా ఫుప్పమ్మ తన వంతు నాకిచ్చి పంపింది, కోశాధికారి గారికి అందజేస్తున్నాను.