బాంబు వేయని కాన్‌బెర్రాలు

పటాన్‌చెరు చేరువనున్న లక్డారంలో రాతి క్వారీలు కలవు. అట్టిచోట మందు కూరి రాతిని పేల్చువాడు ఒత్తికి నిప్పంటించుటకు ముందు రెండు విషయములు యోచించును. రాయి పగులునా అనునది మొదటిది. పగిలిన రాయి ఎవరిపై పడునో అనునది రెండవది. రెండవదానిని మాత్రమే యోచించుచు కూర్చుండువాడు ఒత్తి వెలిగింపలేడు. 1962 అక్టోబరు, నవంబరు మాసములలో ఢిల్లీయందు మన ప్రభుత్వము ఎదుట నిలిచిన సమస్య ఇట్టిదే.

కాన్‌బెర్రా జెట్ బాంబరు ఇంగ్లండులో 1949 మే 13వ తేదీన తొలిసారి ఎగిరెను. రెండు రోల్స్‌రాయిస్ ఏవన్ ఇంజనుల బలముతో 40,000 అడుగులకు పైన సంచరింపగల విమానమది. దీనిని కొనుటకు భారతదేశము 1957లో ఒప్పందము చేసికొనినది. 1961లో ఐక్యరాజ్యసమితి పక్షమున మన కాన్‌బెర్రాలు కాంగోలో పోరాడినవి. ఆ యేడే డిసెంబరు 18న గోవాలోని దాబోలిమ్ విమానాశ్రయముపై బాంబులు వేసినవి. కావున మరుసటి యేడు చైనాతో యుద్ధము వచ్చునప్పటికి మన వైమానికులు ఈ విమానమునకు కొత్తవారు కారు.

అయినను 1962 అక్టోబరు 20న చైనా సేనలు నీఫాలోను, లడఖ్‌లోను విరుచుకుపడినప్పుడు, కాన్‌బెర్రాలు ఫొటోలు తీసినవే గాని ఒక్క బాంబైనను వేయలేదు. వాయుసేన ఊరక కూర్చుండినదని కాదు. ఏ.ఎన్.-12 విమానములు చుషూలునకు టాంకులను చేర్చినవి. డకోటాలు, పాకెట్లు, హెలికాప్టర్లు తిండిని, మందుగుండును మోసినవి. అనుమతి లేకపోయినది దాడికి మాత్రమే.

ఇందుకు ముఖ్య కారణములు మూడు. మొదటిది కలకత్తా. చైనాయొద్ద సోవియట్ నమూనా ఐ.ఎల్.-28 జెట్ బాంబర్లుండెను. మనము బాంబు వేసినచో అవి మన నగరములపైకి వచ్చునని, రాత్రివేళ వానిని అడ్డుకొనుటకు తగిన సాధనములు మనకు లేవని బి. ఎన్. మల్లిక్ నాయకత్వమున నుండిన ఇంటెలిజెన్స్ బ్యూరో భయపడెను. రెండవది అమెరికా రాయబారి గాల్‌బ్రెయిత్ సలహా. వైమానిక యుద్ధమునకు దిగవలదనియే ఆయన చెప్పెను. మూడవది నీఫా భూస్వరూపము. దట్టమైన అడవులలో, ఇరుకు లోయలలో నడుచు పదాతిదళమును పైనుండి గుర్తించుట కష్టము. గురి తప్పిన బాంబు మనవారిపైననే పడవచ్చును.

ఈ మూడును నిరాధారములు కావు. కాని టిబెట్టులోని విమానాశ్రయములు 13,000 అడుగుల ఎత్తున, కొన్ని అంతకు మించిన ఎత్తున నున్నవి. అచ్చటి పలుచని గాలిలో విమానము నిండు బరువుతో లేవజాలదు. మన విమానములో, మైదానములనుండి పూర్తి బరువుతో లేవగలిగియుండెను. లడఖ్ బోడికొండల సీమ. అచ్చట అడవి అడ్డమను మాట చెల్లదు. చైనా సేనలకు సరకులు వచ్చు బాటలు సుదీర్ఘమైనవి. ఎదుటివాని బలము మన లెక్కకెక్కెను; వాని ఇబ్బంది ఎక్కలేదు.

సేలా, బొమ్‌డిలా చేజారిన పిదప, నవంబరు 19న ప్రధాని నెహ్రూ అధ్యక్షుడు కెనడీకి లేఖలు వ్రాసి, 12 దళముల యుద్ధవిమానములను, 2 దళముల బి-47 బాంబర్లను కోరెను. మన బాంబర్లు మన నేలపై నిలిచియుండగానే పరుల బాంబర్లను అడుగవలసివచ్చెను. నవంబరు 21న చైనా ఏకపక్షముగా యుద్ధము నిలిపెను. అప్పటికి, అధికార లెక్కల ప్రకారము, 1,383 మంది భారత సైనికులు అసువులు బాసిరి.

1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చినప్పుడు కాన్‌బెర్రాలు చీకటి రాత్రులందు సర్గోధా, పెషావరు స్థావరములపై బాంబులు వేసి వచ్చినవి. 2007లో అవి సేవనుండి విరమించినవి. 1962లో వాయుసేనను దాడికి వినియోగించియున్నచో ఫలితము వేరుగా నుండెడిదని 2012లో నాటి వాయుసేనాధిపతి బ్రౌన్ అభిప్రాయపడెను. కలకత్తాపై బాంబులు పడెడివా అను ప్రశ్నకు మాత్రము నేడును జవాబు లేదు.

లక్డారమునకు తూర్పు దిక్కున దుండిగల్ వాయుసేన అకాడమీ కలదు. 1971 నుండి అచ్చట శిక్షణ జరుగుచున్నది. విమానము నడపుట అచ్చట నేర్తురు. అది ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు ఆగవలెనో నిర్ణయించు భారము ప్రజాప్రభుత్వముది, కనుక మనది. రాయి ఎవరిపై పడునో అని అడుగుట వివేకమే. అడిగినవాడు దూరము కొలిచి చూడవలెను. 1962లో ఆ కొలత సగమే జరిగినది.