ఒక రాత్రి కంపెనీ
(ఈలపాట రఘురామయ్య స్మారకోపన్యాసం)



రఘురామయ్యగారి పేరు చెప్పగానే మనకు ఆయన ఈల గుర్తొస్తుంది. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో 1901లో కల్యాణం వెంకటసుబ్బయ్యగా పుట్టిన ఆయన, కృష్ణుడి వేషంలో పద్యం ముగించి, నోట్లో వేలు పెట్టుకుని అదే రాగాన్ని ఈలతో ఎత్తుకుంటే జనం వెర్రెత్తిపోయేవారు. ఆ ఈల గురించి చెప్పగలవాళ్లు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. అలాంటి నటుల్ని ఒకే పందిట్లోకి చేర్చిన ఏర్పాటు ఎలా పుట్టిందో, ఎలా నడిచిందో నేను చెబుతాను. దాన్ని మనవాళ్లు కాంట్రాక్టు నాటకం అన్నారు, కాంబినేషన్ అన్నారు.

పాశ్చాత్య సంగీతం వినే కుర్రకారుకు సూపర్ గ్రూప్ అంటే తెలుసు. వేరువేరు బృందాల్లో అప్పటికే పేరు తెచ్చుకున్నవాళ్లు కలిసి కట్టే కొత్త బృందం అది. 1966లో లండన్‌లో ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ కలిసి ‘క్రీమ్’ పెట్టారు. రెండేళ్లు దాటగానే విడిపోయారు. క్లాప్టన్, బేకర్ మరో ఇద్దరితో 1969లో కట్టిన ‘బ్లైండ్ ఫెయిత్’ అయితే ఒక్క ఆల్బమ్‌తోనే సరి. అంతకు చాలా ముందే కృష్ణా డెల్టాలో మేటి గాయకులు సాయంత్రం కలిసి, తెల్లారేసరికి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయేవారు.

ఈ కాంబినేషన్ ఇక్కడే ఎందుకు బలపడింది? మొదటి కారణం నీళ్లు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలవల కింద వరి పండింది, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. కుప్ప నూర్చి ధాన్యం అమ్ముకున్నాక ఊళ్లకు తీరిక దొరికేది. రెండో కారణం రైలు. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది, ఆ తర్వాత బందరు లైను వచ్చింది. తెనాలి నటుడు, ఏలూరు నటుడు, బందరు నటుడు ఒకే పూట బెజవాడలో దిగడం సాధ్యమైంది.

మూడోది పద్యం. 1880ల్లో ధార్వాడ నాటక సమాజాలు మనకు రంగస్థలం రుచి చూపించాయి. ఆపైన మన కవులు పద్యాలతో నాటకాలు రాశారు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి ‘సత్య హరిశ్చంద్రీయం’ చదువు రానివాళ్ల నోళ్లలో కూడా నానాయి. నటుడికీ పద్యం వచ్చు, చూసేవాడికీ వచ్చు. క్రీమ్ వాళ్లు కూర్చుని కొత్త పాటలు కట్టుకోవాల్సి వచ్చింది. మనవాళ్లకు ఆ పని లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కృష్ణుడూ అర్జునుడూ రిహార్సల్ అనేదే లేకుండా తెర ముందుకు వెళ్లగలిగారు.

కానీ ఆ నటులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బందరులో బుట్టయ్యపేట కంపెనీ, రామానాయుడుపేట కంపెనీ పోటాపోటీగా నడిచాయి. మైలవరం రాజావారి బాలభారతీ నాటక సమాజం నటులకు జీతాలిచ్చి పోషించింది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి, ఉప్పులూరి సంజీవరావు, దైతా గోపాలం వంటివాళ్లు అందులో ఉన్నారు. పాపట్ల కాంతయ్య హార్మోనియం పట్టి వరసలు కట్టారు. తెనాలి రామవిలాస సభ స్థానం నరసింహారావును తీర్చిదిద్దింది. గొంతుకు సాన పట్టింది అక్కడే. ఎదుటివాడు పాడుతున్నప్పుడు ఎలా నిలబడాలో కూడా అక్కడే తెలిసింది.

తర్వాత గ్రామఫోను వచ్చింది. మూడు నిమిషాల రికార్డు మీద కపిలవాయి కంఠం ఆయన అడుగుపెట్టని ఊరికీ చేరింది. జనానికి సమాజం పేరు కంటే మనిషి పేరు ముఖ్యమైంది. 1932లో తెలుగు టాకీ మొదలైంది. ఆ ఏడాది ‘శకుంతల’లో యడవల్లి దుష్యంతుడయ్యారు. నెలజీతాల కంపెనీలకు ఖర్చు మోయడం కష్టమైంది. చెదిరిపోయిన నటుల్ని కాంట్రాక్టరు ఒక్కో రాత్రికి మాట్లాడుకున్నాడు. వాల్‌పోస్టరు మీద నాటకం పేరు చిన్నదైంది, నటుల పేర్లు పెద్దవయ్యాయి.

ఒక్క రాత్రిని దగ్గరగా చూద్దాం. పాండవోద్యోగ విజయాలు. పడక సీనులో పాన్పు మీద పవళించిన కృష్ణుడు ఒకరు, రాయబారానికి హస్తినకు వెళ్లే కృష్ణుడు మరొకరు. మొదటివారు కిరీటం తీసి రంగు కడుక్కునే వేళకు రెండోవారు రంగు పూసుకుని సిద్ధంగా ఉంటారు. ఇద్దరి శ్రుతీ ఒకటి కాదు. హార్మోనిస్టు ఒక్క క్షణంలో శ్రుతి మార్చి, కొత్తాయన రాగం ఎటు తిప్పినా వెన్నంటి పోవాలి. ఒన్స్‌మోర్ అంటే ప్రాణం విడిచిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడుతుంది. ‘హరిశ్చంద్ర’లో వారణాసికి ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు ఇంకొకరు. జనానికి అభ్యంతరం లేదు. వాళ్లు కథ తెలుసుకోవడానికి రాలేదు, ఈ పద్యం ఆయన ఎలా అంటాడు, ఈయన ఎలా అంటాడు అని తూకం వేయడానికి వచ్చారు. గొంతులు పోటీ పడిన ఆ రాత్రుల్లోనే పద్యగానం శిఖరానికి ఎక్కిందని నేను నమ్ముతాను.

అయితే ఆ వైభవంలోనే తెగులూ ఉంది. ఎవరి సీను వారిది, మొత్తం నాటకం బాధ్యత ఎవరిదీ కాదు. ఒకాయన రాగం గంట లాగితే తర్వాతి సీను కోసేశారు. చిన్న వేషాలకు దొరికినవాణ్ణి నిలబెట్టారు. వీటన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి: కాంట్రాక్టరు తయారైన నటుణ్ణి పిలిచాడు గానీ నటుణ్ణి తయారు చేయలేదు. సమాజాలు వేసిన చేలో కాంబినేషన్ పంట కోసుకుంది, విత్తనం మాత్రం దాచలేదు. లండన్‌లోనూ అంతే. క్లాప్టన్‌కు జాన్ మేయల్ బృందం, బ్రూస్‌కూ బేకర్‌కూ గ్రాహమ్ బాండ్ బృందం బడి అయ్యాయి. ఆ బడులు లేకపోతే క్రీమ్ లేదు.

కాంబినేషన్‌ను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. పల్లెటూరి రైతును నేలమీద కూర్చోబెట్టి మేటి గాయకుల్ని వినిపించింది అదే. రఘురామయ్యగారి ఈల మారుమూల పందిళ్లకు చేరింది కూడా అందువల్లే. కానీ ఏటా ఆయన పేరుమీద నలుగురు ప్రసిద్ధుల్ని పిలిచి, తలా నాలుగు పద్యాలు పాడించి, శాలువాలు కప్పితే మనమూ కాంట్రాక్టరు పనే చేసినట్టు. ఆ డబ్బుతో ఒక హార్మోనిస్టుకు నెలజీతం ఇవ్వండి. పదిమంది పిల్లల్ని ఆయన ముందు కూర్చోబెట్టండి. వాళ్లకు ఒక్క సీను కాకుండా నాటకం మొత్తం నేర్పించండి. తారల్ని కలపడం ఒక రాత్రి పని, తారల్ని పుట్టించడానికి మాత్రం సమాజం కావాలి.