ఒక దస్త్రానికి ఎన్ని నకళ్ళు?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు బ్యాకప్ గురించి నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించినప్పుడు కొందరు మిత్రులు నవ్వారు. ఆ నవ్వులో న్యాయం ఉంది. టైపు మిషను ముందు ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. అయితే ఈ వ్యవహారంలో పొరపాటు చేసినవాణ్ణి నేనే గనుక, చెప్పవలసినవాణ్ణీ నేనే.

మన సభ్యుల పి.పి.ఓ.లు, జాయింటు ఫోటోలు, సర్వీసు కాగితాలు స్కాన్ చేసి సంఘం కంప్యూటరులో భద్రపరుస్తున్న సంగతి మీకు తెలిసిందే. అదంతా 40 జి.బి. అయింది. ప్రతి రాత్రీ దానంతటదే నకలు తీసేటట్టు ఏర్పాటు చేసి, 1000 జి.బి.ల డిస్కు ఒకటి బయట తగిలించి, ఇక నిశ్చింత అనుకున్నాను. తీరా నేను చేసిందేమిటంటే, ప్రతి రాత్రీ మొత్తం 40 జి.బి.నీ మళ్ళీ కొత్త ఫోల్డరులో దింపించడం. లెక్క వేయండి. 25 రాత్రులకు మించి పట్టదు. ఆ తరువాత డిస్కులో చోటు లేదు, నకలు ఆగిపోయింది. తెర మీద ఓ మూల చిన్న సందేశం వస్తూనే ఉందట. చూసిన నాథుడు లేడు.

అయిదు నెలలకు కంప్యూటరులోని అసలు డిస్కు పాడైంది. ఈ మధ్యకాలంలోనే మన సభ్యులొకరు తమ పి.పి.ఓ. స్కాన్ చేయించుకుని వెళ్ళారు, కొన్నాళ్ళకు కాలం చేశారు. ఇంట్లో ఉన్న ప్రతి వానకు తడిసి ముద్దయింది. వారి భార్య కుటుంబ పెన్షను పని మీద వచ్చి, "అన్నయ్యగారూ, మీ దగ్గర భద్రంగా ఉందని చెప్పేవారండీ" అన్నప్పుడు నేను తల దించుకున్నాను. పి.పి.ఓ. ప్రతి ఒకటి చెల్లించేవారి దగ్గర కూడా ఉంటుంది గనుక చివరకు దాని ఆధారంగా పని జరిగింది. కాని ఆ తల్లి మూడు నెలలు తిరిగారు.

మా మనవడు చూసి, "తాతయ్యా, మారని కాగితాన్ని రోజూ ఎందుకు కాపీ చేయించావు?" అన్నాడు. ఆ మాటతో నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. కొత్త తాఖీదు వస్తే ఫైలంతా తిరగరాశామా? కరెంటు ఫైలులో ఆ ఒక్క కాగితం చేర్చి పేజీ నంబరు వేశాం. ఇక్కడా అంతే. మొదట ఒకసారి పూర్తి నకలు, ఆపైన ప్రతి రాత్రీ కొత్తగా చేరినవీ మారినవీ మాత్రమే. దీన్ని ఇంక్రిమెంటల్ బ్యాకప్ అంటారు. మనకు రోజుకు 200 ఎం.బి. చేరుతుందనుకున్నా నెలకు 6 జి.బి. మొదటి 40తో కలిపి 46. నా పాత పద్ధతికైతే నెలకు 1200 కావాలి!

ఇందులో ఒక చిక్కుంది. మొదటి పూర్తి నకలు చెడితే తరువాతి ముక్కలతో పని జరగదు, నోట్ ఫైలులో ముందు పేజీలు చిరిగిపోయినట్టే. అందుకని మూడు నెలలకొకసారి మళ్ళీ పూర్తి నకలు తీయిస్తున్నాం. కొత్తది సరిగా తెరుచుకున్నాకే పాతది తీసేస్తాం.

పాతవాటిని ఎన్నాళ్ళు ఉంచాలి? రికార్డు రూములో పనిచేసినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేళ్ళు, ఎల్.డిస్. ఏడాది. యాపిల్ కంప్యూటర్లలోని టైమ్ మెషీన్ ఇంచుమించు ఇదే చేస్తుంది. గడిచిన 24 గంటలకు గంటకొకటి, గడిచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందువి వారానికొకటి ఉంచి, డిస్కు నిండితే అన్నిటికంటే పాతవి తీసేస్తుంది. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ మాత్రం మనం వేరే చెప్పకపోతే మారిన ఫైళ్ళను గంటకొకసారి తీసి ఎప్పటికీ ఉంచుతుంది. గడువు ఎంతో సెట్టింగులలో మనమే నిర్ణయించుకోవాలి.

జిప్ చేస్తే చోటు కలిసిరాదా అని ఒక మిత్రుడు అడిగారు. టైపు చేసిన కాగితాలు, లెక్కల పట్టికలు బాగా తగ్గుతాయి. జె.పి.జి. ఫోటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి, వాటిని ఇంకా నొక్కినా ఒరిగేది లేదు. దానికన్నా వాట్సాప్‌లో వచ్చిపడే శుభోదయాలను బ్యాకప్ జాబితాలోంచి తప్పించండి. (క్షమించాలి, అవి పంపేవారిలో నేనూ ఉన్నాను.)

అలాగని మరీ పిసినారితనం వద్దు. నిన్నటి నకలు ఒక్కటే చాలనుకుంటే, పొరపాటున చెరిపేసిన కాగితం సంగతి పది రోజులకు తెలిసేసరికి నకలులోనూ అది ఉండదు. రెండో డిస్కు దండగ అని కూడా అనకండి. కార్యాలయంలో నీళ్ళు చేరితే అసలూ నకలూ కలిసే పోతాయి. ఆ రెండో డిస్కు ఇప్పుడు కోశాధికారిగారి ఇంటి బీరువాలో ఉంది.

ఇకపై ప్రతి నెలా ఒకటో తారీఖున నకలులోంచి ఏదో ఒక సభ్యుని కాగితం బయటికి తీసి, తెరిచి, చదవగలుగుతున్నామో లేదో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. డిస్కులో మిగిలిన చోటు ఎంతో కూడా అందులోనే రాయాలి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒక పేరు వచ్చింది. పి.పి.ఓ. కోసం మూడు నెలలు తిరిగిన ఆ సోదరి తన పేరు రాయించారు. రెండో పేరు ఈ సభ ముగిసేలోగా ఇవ్వవలసిందిగా మనవి.